నాన్న ఆపిన వాక్యం

ప్రింటరులోంచి అప్పుడే వచ్చిన వేడి కాగితం వాసన తగిలితే నాకు ఇప్పటికీ యాదగిరి సార్ గుర్తొస్తారు. సూర్యాపేటలో ఆయనకు చిన్న డీటీపీ సెంటర్ ఉండేది. 2011లో, కోదాడలో ఇంజినీరింగ్ పూర్తిచేసి నేను మొదట చేరింది అక్కడే. ఆయన ఎవరి మీదా గొంతు పెంచేవారు కాదు. పని మాత్రం రెండుసార్లు చూసేవారు.

ఆ ఏడాది ఒక పశువుల డాక్టరు గొర్రెల రోగాల మీద తాను రాసుకున్నదంతా సీడీలో తెచ్చి, పెంపకందార్ల కోసం పుస్తకం వేయమన్నారు. అన్నీ ఎక్స్ఎంఎల్ ఫైళ్లు. ప్రతి మాటకూ ముందూ వెనకా ట్యాగులు, అంటే ఇది రోగం, ఇది మందు అని చెప్పే గుర్తులు. వాటిని వదిలేసి లోపలి మాటలు మాత్రం రాబట్టే ప్రోగ్రాం రాశాను. క్షణాల్లో పని అయిపోయింది. ప్రింట్లు తీసి గర్వంగా సార్ ముందు పెట్టాను.

"మంచిగ చేసినవ్ బిడ్డా. అచ్చుకు పోకముందు జర మీ నాయినకు సదివి వినిపియ్యి," అన్నారు.

మాది చివ్వెంల దగ్గర గొర్రెలు పెంచే కుటుంబం. చదువురాని నాన్నకు వినిపించడమెందుకో అర్థం కాకపోయినా చదివాను. కడుపులో పురుగులు పోవడానికి తాపే నట్టల మందు దగ్గర నాన్న చెయ్యెత్తి ఆపాడు.

"అన్నిటికి తాపుమంటున్నడా? కొత్తగ సూడి కట్టిన గొర్లకు తాపితే ఈసుకపోతయి గద బిడ్డా!"

కడుపులో పిల్ల పోతుందని ఆయన భయం. కాగితం మళ్లీ చూశాను. అన్నిటికీ తాపాలనే ఉంది.

మర్నాడు తలొంచుకుని చెప్పాను. సార్ కుర్చీ లాక్కుని పక్కన కూర్చుని అసలు ఫైలు తెరిపించారు. "గొర్రెలన్నిటికీ తాపాలి, కొత్తగా చూడి కట్టినవాటికి తప్ప" అని డాక్టరు సరిగ్గానే రాశారు. చివరి ముక్క బొద్దు అక్షరాల్లో రావాలని దానికి లోపల మరో ట్యాగు పెట్టారు. నా ప్రోగ్రాం ఆ ట్యాగు దాకా ఉన్న మాటలే తీసుకుని, దాని లోపలివి వదిలేసి తర్వాతి వాక్యానికి పోయింది. మిగిలిన వాక్యం చదవడానికి నిండుగానే ఉంది. అందుకే నేను పట్టుకోలేకపోయాను.

"బొద్దుగ రాసినయే పోయినయ్. అంటే ముఖ్యమైనయే పోయినయ్," అన్నారు సార్ మెల్లగా.

కోడ్‌లో ఒక్క వరుస మారిస్తే సరిపోయింది. అయినా ఇద్దరం కూర్చుని ప్రతి పేజీనీ అసలుతో సరిచూశాం. తర్వాత ఆయన డాక్టరుకు ఫోన్ చేశారు. "తప్పు మాదే సార్. పట్టుకున్నది మా దగ్గర పనిచేసే అమ్మాయి వాళ్ల నాయిన."

డాక్టరు మా ఇంటికే వచ్చి, నాన్న పక్కన మంచం మీద కూర్చుని పుస్తకమంతా చదివి వినిపించారు. నాన్న రెండుచోట్ల మాటలు మార్పించాడు. ఆ సంగతి ఊళ్లో ఎంతమందికి చెప్పుకున్నాడో!

ఇప్పుడు మిర్యాలగూడలో నా సొంత సెంటర్‌లో నలుగురు పనిచేస్తున్నారు. ప్రోగ్రాం ఎక్కడా ఆగకుండా నడిచిందని వాళ్లు వచ్చి చెబితే సంతోషిస్తాను. ఆ వెంటనే, ఇది ఎవరి చేతికి వెళ్తుందో, వాళ్లలో ఒకరికైనా చదివి వినిపించారో లేదో అడుగుతాను.