బూటుకు చిక్కిన శనగకొమ్మ

అహోబిలం స్వామి పల్లకీలో పల్లెలు తిరిగే పరువేట ఉత్సవం, దాంతోపాటు గైడు వెంట గుంపుగా గుర్రపు స్వారీ అంటే సరదాపడి వెళ్లాను. తిరుగు ప్రయాణంలో, ఆళ్లగడ్డ బస్సులో, పక్కన కూర్చున్న పెద్దావిడ వంగి నా బూటు లేసుల్లోంచి శనగకొమ్మ ఒకటి లాగింది.

"ఏమప్పా, ఆ గుర్రాలోళ్లలో నువ్వూ ఉండావా?"

ఉన్నానన్నాను.

"సామి పల్లకీ గూడా గట్టెంబడే పోతాది. మీరు పూత మీదుండే చేన్లో తొక్కుకుంటా పోతిరే!"

బస్సంతా తిరిగి చూసింది. బీడు భూమేనని గైడు చెప్పాడనబోయి, ఆగిపోయాను. ఆమె ఆ కొమ్మను కొంగున ముడేసుకుని దిగిపోయింది.

ఇప్పటికీ తలచుకుంటే నా మీద నాకే ఒళ్లు మండుతుంది. సాళ్లలో ఆ ఊదారంగు పూత గుర్రం మీంచి నాకు స్పష్టంగా కనబడింది. అయినా కళ్లెం లాగలేదు.