కుర్చీ సిస్టర్

ఆ ఆసుపత్రిలో ఆవిడ అసలు పేరు అడిగితే గేటు దగ్గర వాచ్‌మన్ కూడా బుర్ర గోక్కుంటాడు. కుర్చీ సిస్టర్ అంటే మాత్రం తిన్నగా ప్రసూతి వార్డు చూపిస్తాడు. ఎవరొచ్చినా రోగిని కూర్చోబెట్టి, వెంట వచ్చినవాళ్ళను నిలబెట్టడం ఆవిడ అలవాటు. కూర్చున్న మనిషే మాట్లాడాలి, నిలబడ్డవాళ్ళు వినాలి. అత్తగార్లకూ మొగుళ్ళకూ ఒళ్ళు మండేది. మండితే మండనీ అనేది సిస్టర్.

ఒకరోజు ఒక నాయనమ్మ పదమూడేళ్ళ మనవరాలిని కడుపునొప్పని తీసుకొచ్చింది. వెనకాలే పిల్ల తల్లి, నోట్లో నాలుక లేని మనిషి. స్కానింగ్‌లో గర్భమని తేలింది. ఇంట్లో ఉండే బాబాయి వెలగబెట్టిన ఘనకార్యం అది. చట్టప్రకారం డాక్టరమ్మ పోలీసులకు ఫోన్ చేయగానే నాయనమ్మ లబోదిబోమంది.

"మా పరువు బజారున పడుతుందమ్మా! గుట్టుగా కననివ్వండి. ఎవరికైనా ఇచ్చేస్తాం. కేసు మాత్రం వద్దు."

అప్పటికే నెలలు ముదిరాయి. గర్భం తీయాలంటే డాక్టర్ల బృందం నివేదిక ఇవ్వాలి, జడ్జి ఒప్పుకోవాలి. ఆలస్యమైతే పిల్ల ప్రాణానికే ముప్పు.

బృందం కూర్చున్న గదిలో డాక్టర్లకు కుర్చీలున్నాయి, నాయనమ్మకూ ఉంది. పిల్ల గోడకు అతుక్కుపోయి నిలబడింది. సిస్టర్‌కు అరికాలి మంట నెత్తికెక్కింది. తన కుర్చీ బరబరా ఈడ్చుకొచ్చి బల్ల ముందు వేసి, "రా తల్లీ, కూర్చో," అంది.

"చిన్నపిల్ల, దానికేం తెలుసు?" అంది నాయనమ్మ.

"బాధంతా దానిదే కదమ్మా. మీరు కాసేపు బయట ఉండండి."

పెద్ద డాక్టరమ్మ తన కుర్చీని పిల్ల పక్కకు జరుపుకుంది. ఏం చేస్తారో, ఎంత నొప్పో, ఏం ప్రమాదమో, వద్దనుకుంటే ఏమవుతుందో చిన్న చిన్న మాటల్లో చెప్పింది. పిల్ల తలెత్తి అడిగింది.

"తర్వాత బడికెళ్ళొచ్చా?"

"వెళ్ళొచ్చమ్మా."

"అయితే తీసెయ్యండి. నాకొద్దు."

డాక్టరమ్మ ఆ మాటను ఉన్నదున్నట్టు నివేదికలో రాసింది. మర్నాడే జడ్జి అనుమతిచ్చారు. గర్భం తీసేశారు, పిల్ల గండం గట్టెక్కింది. సాక్ష్యానికి పిండం నుంచి తీసిన నమూనాకు సీలు వేసి, ఐసు పెట్టెలో పెట్టి, పోలీసు చేతికి అందేదాకా సిస్టర్ కాపలా కాసింది. డీఎన్ఏ పరీక్షలో బాబాయి బండారం బయటపడింది.

ఇక మిగిలింది కోర్టులో సాక్ష్యం. నాయనమ్మ మనవరాలిని బతిమాలింది, బెదిరించింది, అన్నం మానేసి పడుకుంది. నోట్లో నాలుక లేదనుకున్న ఆ తల్లే కూతురి చెయ్యి పట్టుకుని కోర్టుకు నడిచింది. కూడా సిస్టర్ వెళ్ళింది.

బాబాయి కనబడకుండా మధ్యలో తెర కట్టారు. అవతలి లాయరు గొంతు సవరించుకుని మొదటి ప్రశ్న వేశాడు. పిల్ల జడ్జి వైపు తిరిగింది.

"అయ్యా, నాకు కుర్చీ కావాలండీ. కూర్చుని చెప్తాను."

జడ్జి వేయించారు. పిల్ల కుదురుగా కూర్చుని, మొదటినుంచి చివరిదాకా తడబడకుండా చెప్పింది. ఆ సాక్ష్యంతోనే బాబాయికి జైలు ఖాయమైంది. వెనక వరసలో కుర్చీ సిస్టర్ ముక్కు చీదుకుంటూ, ఆనందం పట్టలేక, నిలబడే విన్నది.