మానిటర్ మీద తువ్వాలు

ఈ రోజు ఎమ్మిగనూరులో నరసప్పన్న ఇంటికి వెళ్లాను. ఆయన చీరల అంచులు కంప్యూటర్‌లో గీసుకుని మగ్గం మీద నేస్తాడు. దొంగ కాపీ సాఫ్ట్‌వేర్ మొన్న మొరాయించడంతో పదేళ్లుగా గీసిన డిజైన్లేవీ తెరుచుకోలేదు. మనిషి అన్నం కూడా సరిగా తినడం లేదని వదిన చెప్పింది. ఎవరైనా ఉచితంగా వాడుకునేలా, లోపలి కోడ్ కూడా అందరికీ చూపించే ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ ఒకటి ఎక్కించి చూస్తే, ఒక్కటీ పోకుండా అన్నీ తెరుచుకున్నాయి.

“ఇంత పని ఊరికే ఇచ్చినారా? ఎట్ల చేసినారో కూడా చూపిస్తారా? బంగారట్లా మనుషులప్పా!” అన్నాడు నరసప్పన్న, నేను ఆ సంగతి చెప్పగానే.

అంతలో పక్కింటి వీరేశు వచ్చాడు. ఆయనదీ మగ్గం పనే. నరసప్పన్న చటుక్కున భుజం మీది తువ్వాలు తీసి మానిటర్ మీద కప్పేశాడు.

“నాకూ ఆ సాఫ్ట్‌వేర్ కావాలన్నా” అన్నాడు వీరేశు.

“తీసుకపోప్పా, అది అందరిదంట.”

“అయితే తువ్వాలు తియ్యి, చూస్తా.”

“సాఫ్ట్‌వేర్ అందరిది, అంచు నాది. తీస్తే రేప్పొద్దునకు నీ మగ్గం మీద ఉంటాది.”

ఆదోని బస్సులో నవ్వుకుంటూ వచ్చాను. దిగేటప్పుడు గుర్తొచ్చింది. ఓపెన్ సోర్స్ గొప్పదని అందరికీ చెప్పే నేను, సొంతంగా రాసుకున్న ఒక్క ప్రోగ్రామైనా ఇంతవరకూ ఎవరికీ చూపించలేదు. కోడ్ అంత గలీజుగా ఉంటుంది మరి. మీలో ఎంతమంది చూపించారు?