గుమ్మం మీద బొగ్గు గీత

నిన్న టీవీలో మన పైడితల్లిని చూశారా? మనతో రెండో క్లాసు దాకా చదివి, అరవైల చివర్లో చిన్నికృష్ణుడి వేషాలకి మద్రాసు వెళ్లిన పిల్ల. ఇప్పుడు సీరియళ్లలో బామ్మ.

"ఇప్పటికీ అంతే బుజ్జిగా ఉన్నారండీ, ఏంటి రహస్యం?" అని అడిగింది యాంకరమ్మ. అందరూ చప్పట్లు. నాకు ఒళ్లు మండిపోయింది.

పొందూరులో మన వీధి వీధంతటికీ తెలిసిన రహస్యం అది. వేసవికి ఆ పిల్ల చెవుల వెనక నీలం రంగు పూర్తిగా వదలకుండానే ఇంటికొచ్చేది. రాగానే వాళ్ల మావయ్య గుమ్మానికి ఆనించి నిలబెట్టి, నెత్తి మీదుగా బొగ్గుతో గీత గీసేవాడు. మన ఇళ్లలో పాత గీత దాటితే బెల్లంముక్క పెట్టేవారు. అక్కడ రాత్రి అన్నం మానిపించేవారు. ఎదిగితే వేషాలు పోతాయట! ఆ వేషాల మీద ఇంటిల్లిపాదీ తిన్నారు, ఆ పిల్ల తప్ప.

ఒకరోజు మా అమ్మ పిలిచి పప్పూ నెయ్యీ కలిపి ముద్దలు పెడుతుంటే మావయ్య ఊడిపడ్డాడు.

"ఏటక్కా ఇది? నువ్వెట్టిన ముద్దకి దాని ఏసం పోతాది!"

"పోతే పోనీరా. పిల్ల ఉంటాది కదా" అని అమ్మ ఇంకో ముద్ద పెట్టింది.

మర్నాటి నుంచి ఆ పిల్లని మా గడప తొక్కనివ్వలేదు.

నిన్న పైడితల్లి నవ్వుతూ యాంకరమ్మకి చెప్పింది: "మా ఇంట్లో అందరం పొట్టివాళ్లమేనండీ."

ఆ మావయ్యా, ఆవిడ తల్లీ, తమ్ముళ్లూ మీకు గుర్తున్నారు కదా? ఆ ఇంట్లో తల వంచకుండా గుమ్మం దాటే మనిషి ఆవిడొక్కతే.