ఎర్ర సిరా పడదన్న పుస్తకం

మునిరామయ్య దగ్గర ఎర్ర సిరా కలం ఉండేది కాదు. అయివారన్నాక జేబులో రెండు కలాలుండాలి, ఒకటి నీలం, ఒకటి ఎరుపు. పోలీసుకు టోపీ ఎట్లాగో మాకు ఆ ఎర్ర కలం అట్లా. ఈయన జేబులో మాత్రం ఒకే ఒక నీలం కలం, దాని మూతా వదులే. తెల్లచొక్కా మీద ఎప్పుడు చూసినా అణా బిళ్ళంత మచ్చ ఉండేది. "అదేమప్పా, దిద్దవా నువ్వు?" అని మొదటి వారమే అడిగాను. "దిద్దాల్సింది పిల్లోళ్ళని కాదులే" అని నవ్వాడు. పొగరుబోతు అనుకున్నాను.

1972లో, నగరి దగ్గర ఒక నేతపేటలోని సమితి బడికి ఆయన బదిలీ మీద వచ్చాడు. నేను అప్పటికే అక్కడ నాలుగేళ్ళుగా లెక్కలు చెబుతున్నాను. హెడ్మాస్టరు చెంగయ్యగారు, నేను, ఈయన, అంతే బడి. రెండు గదులు, ఒక వరండా. పొద్దున ప్రార్థన మొదలయ్యేసరికి వీధంతా మగ్గాల చప్పుడు. ఆ చప్పుడులో పెరిగిన పిల్లలు బడిలో మాత్రం నోరు మెదిపేవాళ్ళు కారు. పేరు అడిగితే నేల చూసేవాళ్ళు. నాకు అది హాయిగానే ఉండేది. ఎక్కాలు అప్పజెప్పించుకుంటే నా పని అయిపోయేది.

మునిరామయ్యది ఐరాల దగ్గర పల్లె, సేద్యం చేసుకునే ఇల్లు. పైచదువుకని చిత్తూరు హైస్కూల్లో చేరిన రోజు అయ్యవారు ఎక్కడినుంచి వస్తున్నావని అడిగితే, "ఈడే, ఐరాల కాడినుంచి" అన్నాడట. ఆ యాసకు తరగతంతా పడీపడీ నవ్వింది. ఆ తర్వాత మూడేళ్ళపాటు తరగతిలో ఒక్క మాటా మాట్లాడలేదట. ఆ సంగతి నాతో చెబుతున్నప్పుడు కూడా ఆయన నా మొహం చూడలేదు.

ఆయన చేసిన పని ఇదీ. శుక్రవారం మధ్యాహ్నం అన్నాలయ్యాక అయిదో తరగతి పిల్లల్ని బల్లలు జరిపి నేల మీద గుండ్రంగా కూర్చోబెట్టేవాడు. తనూ వాళ్ళ మధ్యే కూర్చునేవాడు. చేతిలో ఒక ఖాళీ కండె. మగ్గం మీద అటూ ఇటూ పరుగెత్తే నాడెలో పెట్టే చిన్న పుల్ల అది, అడ్డంగా నేసే పేక నూలు దాని మీదే చుడతారు. మా పేట పిల్లలు బడికి రాకముందూ వచ్చాకా చేసే పని ఆ చుట్టడమే. కండె ఎవరి చేతిలో ఉంటే వాళ్ళు మాట్లాడాలి, మిగిలినవాళ్ళు వినాలి. మాట రాకపోతే కాసేపు పట్టుకుని పక్కవాళ్ళకు ఇచ్చేయొచ్చు, ఎందుకు మాట్లాడలేదని అడగడం ఉండదు. అదయ్యాక అందరూ పుస్తకాలు తీసి, చెప్పిందీ చెప్పలేకపోయిందీ రాసుకోవాలి. పాత పరీక్ష కాగితాల్లో మిగిలిన తెల్ల పేజీలు ఏరి, మగ్గం దారంతో ఆయనే కుట్టిన పుస్తకాలు అవి. వాటికి రెండే నియమాలు చెప్పాడు. ఇంట్లో ఎట్లా మాట్లాడతారో అట్లాగే రాయాలి. ఆ పుస్తకంలో ఎర్ర సిరా పడదు.

"నా మాట ఇది. పడదంటే పడదు" అన్నాడు పిల్లలతో. పక్కగదిలో ఉన్న నేను విన్నాను.

దేవరాజులు అనే నేతగాడి కూతురు చౌడేశ్వరి ఆ తరగతిలో ఉండేది. పదేళ్ళ పిల్ల, సన్నగా, వేళ్ళ సందుల్లో ఎప్పుడూ రంగు. కండె చేతికొస్తే రెండు చేతులా పట్టుకుని చూసి పక్కపిల్లకు ఇచ్చేది. ఆషాఢం పోయింది, దసరా సెలవులు పోయాయి, ఆ పిల్ల నోరు తెరవలేదు. "ఇంకెన్నాళ్ళప్పా ఈ ఆట?" అని నేను ఎగతాళి చేశాను. "ఆ పిల్ల పట్టుకునేసేపు పెరగతా ఉండాది, సూడలేదా నువ్వు?" అన్నాడు. చూడలేదు. నాకెందుకు కనబడతాయి అలాంటివి.

కార్తీకంలో ఒక శుక్రవారం సాయంత్రం ఆయన నా దగ్గరికి పుస్తకం పట్టుకుని పరుగున వచ్చాడు. చౌడేశ్వరి రాసింది. నాకు ఈరోజుకీ కంఠతా వచ్చు.

"నిన్న పొద్దన కండెలు సుట్టేటప్పుడు పోగు తెగింది. నాయన అరిసినాడు. నేను తెంపలేదు. అదే తెగింది. ఆ మాట నేను సెప్పలేదు. నాయనకి దగ్గు ఉండాది. దగ్గినప్పుడు మగ్గం నిలిసిపోతాది. అప్పుడు నాకు బయం."

మునిరామయ్య కళ్ళు తుడుచుకున్నాడు. "చూడు సుబ్రమణ్యం. 'ఆ మాట నేను సెప్పలేదు' అని రాసింది. అంటే ఇప్పుడు చెప్పినట్టే గదా" అన్నాడు. నేను తలూపాను కానీ, అరిసినాడులో రాయాల్సింది బండి ‘ఱ’నా మామూలు ‘ర’నా అని నా బుర్ర అటే పోయింది. నా చదువు అట్లాంటిది.

మరుసటి వారం కండె చేతికి రాగానే ఆ పిల్ల, "పోగు దానంతట అదే గూడా తెగతాది" అంది. అంతే అంది. గుండ్రంలో ఉన్న పిల్లలంతా ఒక్కసారిగా మాట్లాడబోతే మునిరామయ్య కండె చూపించి ఆపాడు. ఒక్కొక్కరే చెప్పారు. తడి ఆరని నూలు తెగుతుందని ఒకడు, ఎండకాలం ఊరికే తెగుతుందని ఇంకొకతె, తెగినప్పుడల్లా తనకే దెబ్బలని మరొకడు. గంట కొట్టినా ఎవరూ లేవలేదు. సంక్రాంతి దాటేసరికి చౌడేశ్వరి హెడ్మాస్టరు గదికి వెళ్ళి, ఆడపిల్లల కుండలో మధ్యాహ్నానికే నీళ్ళు అయిపోతున్నాయి, ఇంకో కుండ పెట్టించండి అని అడిగింది. చెంగయ్యగారు నోరెళ్ళబెట్టి, కుండ పెట్టించాడు.

నేను ఆ పిల్లను చూసి మొదటిసారి ఈ మనిషి చేస్తున్నది ఆట కాదని ఒప్పుకున్నాను. ఒప్పుకున్న నెలకే దాన్ని పాడుచేయడానికి నా చెయ్యీ పడింది.

ఫిబ్రవరిలో ఇన్‌స్పెక్షన్ కబురు వచ్చింది. ఇన్‌స్పెక్టరు సోమవారం వస్తాడని శనివారం తెలిసింది. పిల్లల నోటుపుస్తకాలన్నీ బల్ల మీద పేర్చి ఉంచాలని ఆజ్ఞ. చెంగయ్యగారు మునిరామయ్య పుస్తకాలు నాలుగు తిరగేసి చల్లబడిపోయాడు. "ఇదేం తెలుగయ్యా? ఒక్క పేజీ దిద్దింది లేదు. ఆయన చూస్తే నీకు కాదు, నాకు పడతాది మెమో" అన్నాడు. దాచేద్దామంటే, తరగతిలో ఎన్ని పుస్తకాలున్నాయో రిజిస్టరులో అంతకుముందే రాసి ఉంది. రాసింది నేనే, చక్కగా, వరస సంఖ్యలతో.

అంతకుముందు పనిచేసిన ఊళ్ళో కూడా మునిరామయ్యకు ఇలాంటి చాదస్తానికే బదిలీ అయింది. భార్య వరలక్ష్మమ్మకు ఏడో నెల. ఇంకోసారి సామాను కట్టడం నా వల్ల కాదని ఆమె చెప్పేసింది. ఆదివారం పొద్దున ఆయన మా ఇంటి అరుగు మీద పుస్తకాల మూట దింపాడు.

"నాలుగు గీతలు గీస్తే పోయిందేముందబ్బా" అన్నాను నేను. "మంగళవారం పిల్లలకు చెప్పుకో, ఇన్‌స్పెక్టరు కోసం గీసినానని. పిల్లలకేం తెలుస్తుంది."

"ఎర్ర కలం లేదు నా దగ్గర" అన్నాడు.

జేబులోంచి తీసి నాది ఇచ్చాను.

ముప్పై ఒక్క పుస్తకాలు. పొద్దుగుంకేదాకా దిద్దాడు. మొదట్లో చెయ్యి రాలేదు, పోను పోను అలవాటు పడిపోయింది. దిద్దడంలో అదొక మత్తు ఉంటుంది, చేసినవాళ్ళకు తెలుస్తుంది. చౌడేశ్వరి పేజీలో సుట్టేటప్పుడు కొట్టేసి చుట్టేటప్పుడు అని, ఉండాది కొట్టేసి ఉన్నది అని, బయంకి ఒత్తు పెట్టి, అరిసినాడు కొట్టేసి కోపగించుకున్నారు అని రాశాడు. నాయన అన్న మాట కొట్టేసి పైన నాన్నగారు అని రాశాడు, రెండుచోట్లా. నేను పక్కన కూర్చుని పల్లీలు తింటూ, "ఇప్పుడు పుస్తకంలాగ ఉండాది" అన్నాను.

సోమవారం ఇన్‌స్పెక్టరు వచ్చాడు. పెద్దాయన, మోకాళ్ళ నొప్పులు, పాపం మంచివాడే. నాలుగో తరగతి చేత పదమూడో ఎక్కం చెప్పించుకున్నాడు, టీ తాగాడు, హాజరు పట్టీలో సంతకం పెట్టాడు, పదకొండు గంటల బస్సుకు వెళ్ళిపోయాడు. పేర్చిన పుస్తకాల్లో ఒక్కటి కూడా తెరవలేదు.

తెరిచింది పిల్లలు. పుస్తకాలు తిరిగి తీసుకొమ్మని చెంగయ్యగారు అన్నాడు, ఎవరిది వాళ్ళు తీసుకున్నారు. మునిరామయ్య అప్పటికి ఇన్‌స్పెక్టరును బస్సెక్కించడానికి వెళ్ళాడు. నేను చూస్తూనే ఉన్నాను. చాలామంది చూసి మూసేశారు. ఒకడు, "అబ్బ, నాకు తొమ్మిది గీతలే" అని సంబరపడ్డాడు. చౌడేశ్వరి పేజీ మీద వేలు పెట్టి ఎర్ర గీతలు లెక్కపెట్టింది. తర్వాత పుస్తకం సంచిలో పెట్టుకుని కిటికీ వైపు తిరిగి కూర్చుంది. నేను లేచి ఒక మాట చెప్పి ఉండొచ్చు. చెప్పలేదు.

ఆయన వచ్చి చెప్పాడు. తప్పు మీది కాదు, ఇన్‌స్పెక్టరు కోసం గీశాను, నేను భయపడ్డాను అని ఉన్నదున్నట్టు చెప్పాడు. పిల్లలు సరే సార్ అన్నారు. అంతవరకూ అయివారూ అని పిలిచే పిల్లలు ఆరోజు సార్ అన్నారని ఆయన తర్వాత నాతో అన్నాడు.

శుక్రవారం చౌడేశ్వరి కండె పట్టుకోకుండానే పక్కపిల్లకు తోసింది. పుస్తకంలో ఆవు మీద వ్యాసం రాసింది. ఆవు పాలిచ్చును, ఆవు గడ్డి మేయును, మనము ఆవును పూజింతుము. ఒక్క తప్పు లేదు. ఆయన ఆ పేజీ కింద నీలం సిరాతో, "నాయన అనే మాట తప్పు కాదు. తప్పు నాది" అని రాసి ఇచ్చాడు. ఆ పిల్ల చదివింది, మూసింది. ఆ తర్వాతి వారం గుర్రం మీద రాసింది.

ఉగాది ముందు దేవరాజులు బడికి వచ్చాడు. దగ్గు తెరల మధ్య ఆగి ఆగి మాట్లాడాడు. తగువు పెట్టుకోవడానికి రాలేదు, అదీ మాకు దక్కలేదు.

"అయివారూ, మా పాపకి ఏం జెప్పినారో నాకు తెలీదు. ఇంటికాడ నన్ను పిలవడం మానేసింది. నాయనా అనదు. ఇంగోటీ అనదు. అన్నానికి పిలవాలంటే వచ్చి ఎదురుగా నిలబడతాది. నేనేమన్నా తప్పు జేసినానా అని వాళ్ళమ్మనడిగితే, ఆ మాట తప్పంట, అయివారు కొట్టేసినారంట అనింది."

మునిరామయ్య ఆ సాయంత్రం వాళ్ళ ఇంటికి వెళ్ళాడు. మగ్గం గుంట పక్కన నేల మీద కూర్చుని ఆ పిల్లతో గంటసేపు మాట్లాడాడట. ఆ పిల్ల కండెలు చుడుతూనే ఉందట. తలెత్తలేదట.

అయిదో తరగతి అయ్యాక ఆ పిల్ల బడి మానేసింది. చాలామంది మానేస్తారు, ఆ పేటలో అది కొత్త కాదు. ఆ మాటే చెప్పి ఆయన్ను ఓదార్చబోయాను. వినలేదు. మరుసటి ఏడాది నుంచి శుక్రవారాలు మామూలు శుక్రవారాలైపోయాయి. ఆయన ఒక ఎర్ర కలం కొనుక్కున్నాడు. మంచి అయివారని చెంగయ్యగారు మెచ్చుకున్నాడు.

1981లో జనాభా లెక్కలు వచ్చాయి. అయివార్లందరినీ ఇల్లిల్లూ తిరగమన్నారు. మునిరామయ్యకూ నాకూ పక్కపక్క వీధులు పడ్డాయి, తోడుంటుందని కలిసి తిరిగాం. పేటలో అప్పటికి చాలా ఇళ్ళలో కరెంటు మగ్గాలు వచ్చేశాయి, మాట వినబడాలంటే అరవాలి. ఒక ఇంట్లో ముసలామె మగ్గం ఆపించి మమ్మల్ని బల్ల మీద కూర్చోబెట్టింది. కొడుకు వివరాలు చెప్పింది, పేరు కుప్పుస్వామి. తర్వాత కోడల్ని పిలిచింది. చంకలో పిల్లవాడితో వచ్చి తలుపు పక్కన నిలబడింది. వేళ్ళ సందుల్లో రంగు.

చౌడేశ్వరి మమ్మల్ని గుర్తుపట్టి తలొంచుకుంది. దేవరాజులు పోయి రెండేళ్ళయిందని మాకు తెలుసు. చివరిదాకా ఆ పిల్ల ఆయన్ను నాయనా అని పిలిచిందో లేదో తెలీదు, అడిగే ధైర్యం మా ఇద్దరికీ లేదు.

మునిరామయ్య కాగితం మీది ప్రశ్నలు ఒక్కొక్కటీ అడిగాడు. వయసు. పద్దెనిమిది. మాతృభాష. తెలుగు.

"చదవను రాయను వచ్చునా?"

ముసలామె, "అయిదు దాకా సదివింది గదా" అంది.

"రాదు సార్" అంది చౌడేశ్వరి.

"వచ్చు గదమ్మా నీకు" అన్నాడాయన, చాలా మెల్లగా.

"రాదు సార్. తప్పులు పోతాయి."

చెప్పింది చెప్పినట్టు రాయాలని మాకు తర్ఫీదులో చెప్పారు. ఆయన కలం కాగితం మీద పెట్టి అట్లాగే ఉండిపోయాడు. పిల్లవాడు ఏడుపు మొదలుపెట్టాడు. ఆయన రాదు అన్నచోట గుర్తు పెట్టి, కాగితం మడిచి, లేచాడు. లోపల మగ్గం మళ్ళీ మొదలైంది.

వీధి చివర ఆయన చింతచెట్టు దగ్గర ఆగి, చెప్పులో రాయి తీసుకుంటున్నట్టు వంగి, వంగినవాడు అట్లాగే అన్నాడు.

"అది దానంతట అదే తెగలేదు సుబ్రమణ్యం. నేను తెంపినాను."

కలం నీదే గదా అని ఆయన అనలేదు. నాదేనని నేనూ అనలేదు. పక్కవీధిలో ఇంకా పదకొండు ఇళ్ళు మిగిలి ఉన్నాయి, అటు నడిచాం.