వేపచిగురు కవిత

మొన్న ఇక్కడ ఇంగ్లండులో, వాట్‌ఫర్డ్ మార్కెట్లో కూరగాయలు ఏరుకుంటుంటే మట్టి అంటిన, ఆవపిండిలా ఘాటెక్కే హార్స్‌రాడిష్ దుంప ఒకటి కనబడింది. గోటితో గీరి వాసన చూడగానే ముక్కు అదిరి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. కొట్టతను కంగారుపడ్డాడు గానీ నాకు మాత్రం నవ్వొచ్చింది, ఎందుకంటే ఆ ఘాటు వెంట ఎప్పటిదో ఒక ఆదివారం మధ్యాహ్నం మొత్తం లేచొచ్చి నా ముందు నిలబడింది.

మాది గుంటూరు వైపు. అక్కడ తెలుగులోనే పుట్టి పెరిగి, తెలుగులోనే కలలు కంటూ, శనివారాన్ని విశ్రాంతిదినంగా పాటించే యూదు కుటుంబాలు కొన్ని ఉన్నాయంటే మన తెలుగువాళ్ళే చాలామంది నమ్మరు. ఈ దేశం వచ్చాక ఆ మాట చెప్పుకోవడం మరీ కష్టమైంది. ఇక్కడి తెలుగువాళ్ళు మా బైబిలు పేర్లు విని మమ్మల్ని క్రైస్తవులనుకునేవారు, ఇక్కడి యూదులు మా రంగు చూసి తటపటాయించేవారు. “ఎందుకొచ్చిన గొడవ, క్రిస్టియన్సే అని చెప్పేస్తే పోలా?” అనేవారు మా ఆయన. హైస్కూల్లో చదువుతున్న మా అమ్మాయైతే స్నేహితుల దగ్గర అసలు ఆ ఊసే ఎత్తేది కాదు.

2010 ప్రాంతంలో నేను హాస్పిటల్లో నర్సుగా ఉండేదాన్ని. వార్డు డ్యూటీల్లో, మా విశ్రాంతిదినం మొదలయ్యే శుక్రవారం సాయంత్రాలు వద్దని అడిగేవాళ్ళం ఇద్దరమే, నేనూ, రిటైర్మెంటుకు దగ్గరపడిన ఒక యూదు ఆంటీ. ఆవిడకు నా సంగతి అలా తెలిసిపోయింది. నేను కవితలు రాస్తానని కూడా తెలిశాక, నెలకో ఆదివారం మధ్యాహ్నం లైబ్రరీ పైగదిలో యూదు పెద్దలు కొందరు కూర్చుని తమ కవితలు చదువుకునే చోటికి నన్ను చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళింది. అక్కడ ఎనభై దాటిన ఒక పెద్దాయన నన్ను తేరిపార చూసి, మర్యాదగానే, “మీవాళ్ళు ఎప్పుడు యూదుమతంలోకి మారారు?” అని అడిగాడు. మా తాతలూ ముత్తాతలూ మేం మొదటినుంచీ యూదులమేనని చెప్పుకునేవారు. ఆ రోజు నేను కవిత చదవకుండానే ఇంటికొచ్చేశాను.

ఆ ఉక్రోషమే నా చేత రాయించింది. బస్సులో, టీ బ్రేకులో, కుక్కర్ కూత పెట్టేలోపు, చేతికందిన ప్రతి కాగితం మీదా రాశాను. చిన్నప్పుడు తొలి ప్రేమకథ రాసినప్పుడు కూడా గుండె అంత దడదడలాడలేదు. ఊరంతా ఉగాది పచ్చడికి వేపపువ్వు ఏరుకునే రోజుల్లోనే మా అమ్మ, ఐగుప్తులో మా పూర్వీకులు పడిన బానిసత్వాన్ని తలుచుకుంటూ పస్కా పండుగ రాత్రి తినడానికి చేదాకు కావాలని వేపచిగురు కోసుకొచ్చేది కదా, ఆ సంగతి గుర్తొచ్చి కవిత దానంతటదే నడిచింది.

దాన్ని ఇంగ్లీషులోకి మార్చిపెట్టమంటే మా అమ్మాయి “మమ్, ఇట్స్ సో ఎంబరాసింగ్!” అని విసుక్కుంది. చివరికి చేసింది, నాతో వచ్చింది కూడా. ఆ ఆదివారం నేను మొదలుపెట్టాను:

ఊరు పువ్వేరుకున్న చెట్టు కిందే
మా అమ్మ చిగురు కోసుకుంది
వాళ్ళకది కొత్త ఏడు, మాకది పాత బానిసత్వం
ఒకే చేదు, రెండు జ్ఞాపకాలు

నా వెంట మా అమ్మాయి ఇంగ్లీషులో చదవసాగింది. కాగితం మీద ‘మా అమ్మ’ అని ఉన్నచోట అది తల పైకెత్తి, అందరి వంకా చూస్తూ, ‘మా అమ్మమ్మ’ అంది. మళ్ళీ వచ్చినప్పుడూ అలాగే అంది. దానికి ఎవరూ చెప్పలేదు, తనే మార్చుకుంది. నా ఒళ్ళంతా పులకరించింది, తర్వాతి పంక్తి ఏమిటో మరిచిపోయాను.

ఆ పెద్దాయన కళ్ళద్దాలు తీసి తుడుచుకుంటూ, పస్కా వచ్చిందంటే వాళ్ళమ్మ చేదాకుకు బదులుగా తన చేత హార్స్‌రాడిష్ తురిమించేదనీ, ఆ ఘాటుకు తను ఏడుస్తుంటే నవ్వేదనీ, హిట్లర్ రోజుల్లో, చిన్నతనంలో తనొక్కణ్ణీ ఈ దేశానికి రైలెక్కించి పంపాక మళ్ళీ ఆవిడను చూడలేదనీ చెప్పాడు. తర్వాత నా వైపు తిరిగి, “ఇంకోసారి చదవండి. ఈసారి మీ భాషలోనే, ఆపకుండా” అన్నాడు. చదివాను. ఒక్క మాట అర్థం కాకపోయినా ఆయన చివరిదాకా తలూపుతూ విన్నాడు.

తిరిగొస్తూ బస్సులో మేమిద్దరం చిన్నపిల్లల్లా గట్టిగా మాట్లాడుకున్నాం. అది ఊళ్ళోని వంటల గురించీ, పాటల గురించీ, తాతయ్య ప్రార్థన గురించీ ప్రశ్న మీద ప్రశ్న వేసింది. కొన్నాళ్ళకు స్కూల్లో తన కుటుంబం గురించి మాట్లాడమంటే లేచి చెప్పేసిందట. మా ఆయన వినీ విననట్టు పేపరు తిరగేశారు గానీ, ఆ శుక్రవారం మాతోపాటు యూదుల ప్రార్థనామందిరానికి, సినగాగ్‌కు వచ్చారు.

ఆ పెద్దాయన ఇప్పుడు లేడు, ఆంటీ కూతురి దగ్గరికి మాంచెస్టర్ వెళ్ళిపోయింది. మా అమ్మాయి ఉద్యోగంలో తను ఎవరో ఇట్టే చెప్పేస్తుంది. విన్నవాళ్ళు “ఓ, లవ్లీ” అని తమ పనిలో పడిపోతారట. మేం కోరుకున్నదీ అదే కదా. అయినా కొత్త కవిత రాసి దానికి ఫోన్లో పంపితే వెంటనే ఒక ఎర్ర గుండె బొమ్మ వచ్చి వాలుతుంది, దాంతో సరి. నా కవితలో ఒక్క మాట గురించైనా ప్రశ్న వేసి, జవాబు వినేదాకా కదలకుండా కూర్చునే మనిషి కోసం నా చెవులు ఇప్పటికీ వెతుక్కుంటూనే ఉంటాయి.