తోకలో ముడుపు

ఆ ఆదివారం పొద్దున నేను నోరెందుకు విప్పలేదు? ఆరేళ్ళయింది, ఇప్పటికీ నా దగ్గర జవాబు లేదు. సూర్యావతికి మాటిచ్చానని ఊరుకున్నానా, పుట్టుకతో వచ్చిన మొగమాటమా, లేక సింహాచలం మీద లోలోపల దాచుకున్న కోపమా? ఒక్కోరోజు ఒక్కోటి నిజమనిపిస్తుంది. ఏ సందేహం వచ్చినా పుస్తకాల్లో వెతుక్కునే అలవాటు నాది. ఇది ఏ పుస్తకంలోనూ దొరకలేదు. అందుకే సింహాచలం గురించి తెలిసింది తెలిసినట్టు రాసి చూద్దామనుకున్నాను.

అతను మంచివాడని రాయడానికి నాకు చెయ్యి రాదు. నలభై ఏళ్ళు పక్క వీధిలో ఉన్నాను. ఎవరితోనైనా మెత్తగా మాట్లాడగా వినలేదు. వాళ్ళ తాత శ్రీకాకుళం వైపునుంచి ఓడెక్కి రంగూను వచ్చి అహ్లోన్‌లో బియ్యం మిల్లు బస్తాలు మోశాడు. తండ్రి అక్కడే ఏటి ఒడ్డున రేవులో మోశాడు. సింహాచలం మాత్రం మోత పనికి పోకుండా పడవ ఇంజన్లు బాగుచేసే షెడ్డులో చేరాడు. ముప్పై ఏళ్ళు వచ్చేసరికి ఆ షెడ్డు అతనిదే అయింది. పడవల వాళ్ళు తిట్లు తిని మరీ అక్కడికే వచ్చేవారు. అతని చెయ్యి పడ్డ ఇంజను రెండేళ్ళ దాకా మళ్ళీ షెడ్డు ముఖం చూసేది కాదు. "రోగం ఇంజనుకి కాదు, నీకు" అని బర్మా మాటలో మొదలుపెట్టి, అసలైన తిట్లు తెలుగులో తిట్టేవాడు. అర్థం కాని తిట్లకు వాళ్ళు నవ్వేవారు. ఆ నవ్వుకి ఇతనికి ఇంకా మండేది.

యాభై ఎనిమిదో ఏట మింగళాడోన్‌లో, విమానాశ్రయం పక్కన, ఏదో ఫ్యాక్టరీ జనరేటరు బాగు చెయ్యడానికి వెళ్ళి, మధ్యాహ్నం గోడపక్కన అన్నం తింటూ, దిగుతున్న విమానాలు చూశాడట. ఒకటి గాలికి పక్కకు వాలి, మళ్ళీ సర్దుకుని దిగింది. దాన్ని నడిపేవాడు సర్దాడా, అదే సర్దుకుందా అన్న అనుమానం వచ్చింది. అడిగితే చెప్పేవాడు లేడు. తనే ఒకటి చేసి చూద్దామనుకున్నాడు.

మూడేళ్ళు పట్టింది. రెక్కలు ఈ కొసనుంచి ఆ కొసకి తొమ్మిదడుగులు. వెదురు బద్దలు, పల్చటి ప్లైవుడ్, చేపలు పంపే థర్మోకోల్ పెట్టెల ముక్కలు. పైన నూలుగుడ్డ చుట్టి, పథేన్ ఊరి గొడుగుల వాళ్ళు వాన దిగకుండా పూసే కాయరసం పూశాడు. ఇంజను గడ్డి కోసే యంత్రానిది. కింద నిలబడి విమానాన్ని నడిపే రేడియో ఒక్కటే కొన్నది, అదీ ఓడలో పనిచేసే వాడొకడు సింగపూరునుంచి తెచ్చిన పాతది.

నన్ను పిలిచింది స్నేహం కొద్దీ కాదు. అతనికి తెలుగు చదవడం రాదు, బర్మా అక్షరాలు కూడబలుక్కుంటాడు. "ఎగిరిన ప్రతిసారీ ఏటి జరిగిందో రాసిపెట్టాల. నువ్వు రాయి సెయా. మరి దేనికీ పనికిరావు కదా" అన్నాడు. సెయా అంటే బర్మావాళ్ళకు గురువు. గుడి హాల్లో ఆదివారాలు పిల్లలకు తెలుగు చెప్పేవాణ్ణి కాబట్టి నన్ను అందరూ అలాగే పిలిచేవారు. సింహాచలం నోట్లో మాత్రం అది తిట్టులా వినిపించేది.

2019 చలికాలం. అప్పటికింకా ఇలాంటివి ఎగరేస్తే ఎవరూ అడిగేవారు కాదు. తన్లిన్ వంతెన దాటాక, కోతలైన పొలాల మధ్య గేదెలు మేసే గట్టినేల ఒకటి ఉంది. ఆదివారాలు విమానం రెక్కలు విప్పి, చిన్న ట్రక్కులో వేసుకుని అక్కడికి పోయేవాళ్ళం.

అతనిది ఒకటే నియమం. ఒకసారి ఎగిరితే ఒకటే మార్పు. రెండు మార్పులు చేస్తే ఏది పనిచేసిందో తెలియదు.

మొదటిసారి విమానం నేల వదలగానే ఎడమకు లాగింది. ఇంజను వెనక ఒక పక్క రెండు వాషర్లు పెట్టి దాని మూతి కుడికి తిప్పాడు. రెండోసారి, వేగం పెంచగానే ముక్కెత్తింది. ఇంజన్ను కాస్త కిందికి వంచాడు. మూడోసారి ఒక రెక్క బరువుగా ఉందని తేలింది. ఇలా ప్రతిదీ నేను రాయడం, ఇంటికి వెళ్ళాక అతను చదివించుకుని వినడం. నేనొక మంచి మాట కలిపి రాస్తే పట్టేసేవాడు. "'అందంగా వాలింది' అని రాసినావేటి? ఎన్నడుగులు దొర్లిందో రాయి. అందం నీ ఇంట్లో ఎట్టుకో."

ఆరోసారి నుంచి తూకం పని. ముక్కులో సీసం బిళ్ళలుండేవి. విమానాన్ని పైకి తీసుకుపోయి, కిందికి దూకించి, మీటలు వదిలేసేవాడు. అది గబుక్కున ముక్కెత్తితే ముందు బరువు ఎక్కువన్నమాట. అప్పుడు సీసం కాస్త గీకేవాడు. ఎక్కువ గీకితే తోక బరువై, ఇక ఎవరి మాటా వినదు. కత్తి అంచు మీద ఆపాలి. ఎనిమిదోసారి దూకించి చేతులు వదిలేస్తే, విమానం తనంత తానే నెమ్మదిగా సర్దుకుని సమంగా సాగిపోయింది. సింహాచలం రెండు చేతులూ లుంగీకి తుడుచుకుంటూ చాలాసేపు చూశాడు. "అదే సర్దుకుంతాది" అన్నాడు. నాతో కాదు.

ఆ రోజు నాకు ధైర్యం వచ్చింది. "ఒక్క నిమిషం ఆ రేడియో నా చేతికివ్వు సింహాచలం. పైనే ఉంది కదా" అన్నాను.

గట్టు మీద చేపలు పట్టుకునే వాళ్ళు నలుగురు కూర్చుని ఉన్నారు. వాళ్ళకు తెలియాలని బర్మా మాటలోనే అన్నాడు. "ఈ సెయాకి రేడియో కావాలంట. పెళ్ళాం పోయేటప్పుడు కూడా పుస్తకమే పట్టుకున్నోడు, ఇప్పుడు రేడియో పడతాడంట." వాళ్ళు నవ్వారు.

నా భార్య ఆసుపత్రిలో పోయిన రోజు నేను ఆమెకు చదివి వినిపిస్తున్నాను. అది అతనికి తెలుసు. పుస్తకంలో రాసుకున్నాను, ఎనిమిదోసారి, సీసం సరిపోయింది అని.

ఇంతలో గుడి సంగతి వచ్చింది. మా గుడి కమిటీలో మొదటినుంచీ కోస్తా వ్యాపారస్తుల కుటుంబాలదే పెత్తనం. రేవు పనివాళ్ళ పిల్లలకు చాపలు పరిచే పని, గిన్నెలు కడిగే పని. ఆ ఏడు అమ్మవారి పండుగకు రథం ముందు పైనుంచి పూలు చల్లించాలనుకున్నారు. అధ్యక్షుడు రాజమోహన్ మేనల్లుడి దగ్గర డ్రోను ఉంది. కానీ సింహాచలం భార్య సూర్యావతి, ఎన్నడూ నోరెత్తని మనిషి, కమిటీ ముందు నిలబడి "మా ఆయన ఇమానం ఉంది బావూ, ఆయన్ని అడగండి" అంది. గుడి ముఖం చూడని సింహాచలం, కమిటీ రమ్మంటే వెళ్ళాడు.

రాజమోహన్ నవ్వుతూ అన్నాడు. "మీ తాత బస్తాలు మోశాడు, నువ్వు పూలు మోస్తానంటున్నావు. మీ వంశానికి బరువు తగ్గింది."

"మా తాత మోసిన బస్తాల మీదే కదా మీ తాత కూకున్నాడు" అన్నాడు సింహాచలం. "మనుషుల మీదుగా ఎగరెయ్యను. రథానికి ముందు కాళీ నేల మీద సల్లుతాను. రథం పూల మీద నడుస్తాది. ఇష్టమైతే సెప్పు, లేకపోతే నీ మేనల్లుడి తూనీగని తిప్పుకో."

"వచ్చే ఆదివారం వస్తాను. నా కళ్ళముందు సరిగ్గా ఎగిరితే పండుగ పని నీదే. ఎగరకపోతే మళ్ళీ గుడి దగ్గర ఈ మాట ఎత్తొద్దు."

"ఎగుర్తాది" అన్నాడు సింహాచలం. ఆ వారమంతా ఎవర్నీ తిట్టలేదని షెడ్డులో చెప్పుకున్నారు. అతనికి ఆ పని ఎంత కావాలో నాకు అప్పుడు తెలిసింది.

తొమ్మిదోసారికి మార్పు ఒకటే, పూలపెట్టె. సరిగ్గా తూకం నిలిచే చోట, రెక్కల మధ్య కడుపు కింద బిగించాడు. పూలున్నా, రాలిపోయినా బరువు ముందుకీ వెనక్కీ పోదు. శనివారం సాయంత్రం విమానాన్ని దూలానికి తాళ్ళతో వేలాడదీసి మూడుసార్లు చూశాడు. సమంగా నిలిచింది.

ఆదివారం తెల్లవారి నేను వెళ్ళేసరికి అతను ట్రక్కు కోసం వీధి చివరికి పోయాడు. వరండాలో సూర్యావతి విమానం తోక దగ్గర కూర్చుని ఉంది. తోకను తిప్పే మోటారు మీద చిన్న మూత ఉంటుంది. దాని మరమేకులు విప్పి, పసుపు గుడ్డ మూట ఒకటి లోపల పెడుతోంది.

"ఏంటమ్మా అది?"

"ముడుపు అన్నయ్యా. ఆంజనేయులుకి. మా అత్త ఎండి రూపాయలు, పదకొండు." ఈ దేశంలో నాణేలు చెలామణీలో లేక ఎన్నేళ్ళయిందో. మొక్కు కట్టాలంటే పెట్టెలోని పాత రూపాయలే దిక్కు. "నోట్లు కడితే మొక్కు సెల్లదంట కదా."

"తోకలో ఎందుకు?"

"ఆయన సత్తువంతా తోకలోనే కదా" అంది, అంత మాత్రం తెలియదా అన్నట్టు. మూత బిగించి, నా వైపు చూసి చేతులు జోడించింది. "తెలిస్తే ఇసిరి పారేస్తాడు. సెప్పకు అన్నయ్యా. పండగ పని రావాల. ఆయన్ని పది మందీ మనిషి అనాల."

నేను తల ఊపాను. ట్రక్కు వచ్చింది. తోక బరువైతే ఏమవుతుందో నా చేత్తోనే రాశాను కదా. దారి పొడుగునా అతని పక్కనే కూర్చున్నాను. "ఏటి సెయా, ఇయాల మూగనోము ఇంకా ఎక్కువైంది" అన్నాడు.

మైదానంలో రాజమోహన్ కుర్చీ వేయించుకుని కూర్చున్నాడు. పెట్టెలో బంతిపూలు నింపారు. ఇంజను ఒక్క లాగుకే అందుకుంది. విమానం మామూలుగా పరుగెత్తే దూరంలో సగం కూడా పోకముందే నేల వదిలేసింది. ముక్కు ఆకాశానికి నిలబడింది. సింహాచలం మీట ముందుకు తోశాడు. అది ఒక్కసారిగా కిందికి దూకింది. లాగితే మళ్ళీ నిలబడింది. బెదిరిన ఎద్దులా గాల్లో పైకీ కిందికీ గంతులేస్తోంది.

"నీ దూడకి తాడు కట్టడం మర్చిపోయావయ్యా" అన్నాడు రాజమోహన్.

పూలపెట్టె తప్పనుకున్నాడు సింహాచలం. మార్చింది అదొక్కటే. పెట్టె తెరిచే మీట నొక్కాడు. బంతిపూలన్నీ ఒక్కసారిగా రాలి, ఎవరూ లేని గేదెల మైదానం మీద పడ్డాయి. విమానం గంతులు మానలేదు.

"పెట్టె కాదు." కళ్ళు పైనుంచి తిప్పకుండా అన్నాడు. "సెయా, ఏటి మారింది? నిన్నటికీ ఇయాల్టికీ ఏటి మారింది? పుస్తకం సూసి సెప్పు."

పుస్తకం నా చేతిలో తెరిచే ఉంది. 'తోకలో' అన్న ఒక్క మాట చాలు. వేగం తగ్గించకుండా, ముక్కు కిందికి పట్టి, ఏ మడిలోనో దించేసేవాడు. రెక్క విరిగినా విమానం మిగిలేది. ఆ మాట నా నాలుక మీద ఉంది. గట్టు మీద చేపలవాళ్ళు ఆ రోజు కూడా ఉన్నారు. నేను వాళ్ళ వైపు చూశాను. ఎందుకు చూశానో తెలియదు.

"సెప్పవేటి?"

నేను చెప్పలేదు. మరో చుట్టు తిప్పి దించబోయాడు. దించడానికి వేగం తగ్గించగానే ముక్కు లేచి, గాల్లో ఒక్క క్షణం ఆగి, విమానం ఎడమ రెక్క మీద పడిపోయి, గింగిరాలు తిరుగుతూ మైదానం అవతల రెండో పంటకు నీళ్ళు పెట్టిన మడిలో కూలింది. శబ్దం తరవాత వచ్చింది.

సింహాచలం పరుగెత్తలేదు. నడిచి వెళ్ళాడు. నేను వెనకే వెళ్ళాను. రెక్కలు ముక్కలై, గుడ్డ చిరిగి వేలాడుతోంది. తోక ఒక్కటి కాస్త గట్టిగా మిగిలింది. దాన్ని ఎత్తి చేతిలో తూచి చూశాడు. మూత ఊడదీశాడు. పసుపు మూట బయటికి తీసి, ముడి విప్పి, ఒక రూపాయిని బొటనవేలితో రుద్దాడు. అది తన తల్లిదని అతనికి తెలియకుండా ఉండదు.

రాజమోహన్ బూట్లకు బురద అంటకుండా గట్టు మీదే నిలబడ్డాడు. "ఏమిటయ్యా అది?"

సింహాచలం మళ్ళీ ముడి వేసి జేబులో పెట్టుకున్నాడు. "బరువు. నానే పెట్టినాను. తప్పు నాది."

తప్పు నాదని అతను అనగా నేను విన్నది జీవితంలో అదొక్కసారే. అదీ అబద్ధం.

"సరే, మా వాడి డ్రోనుతో కానిస్తాంలే" అని రాజమోహన్ వెళ్ళిపోయాడు.

సింహాచలం నా ముందుకు వచ్చి నిలబడ్డాడు. గొంతు పెంచలేదు. "పొద్దున్న ఇంట్లో నువ్వూ అదీ తప్ప ఎవులూ లేరు. నువ్వు సూసినావా సెయా?"

నేను పుస్తకం వైపు చూశాను. తొమ్మిదోసారి అని పైన రాసి ఉంది, కింద ఖాళీ. అది నేటికీ అలాగే ఖాళీగా ఉంది.

అతను మోకాళ్ళ మీద కూర్చుని, స్పానరు తీసి, ఇంజను నాలుగు బోల్టులూ ఒక్కొక్కటీ విప్పాడు. లుంగీ చెంగుతో బురద తుడిచాడు. ట్రక్కు నా కోసం వదిలేసి, ఇంజను బస్తాలా భుజానికెత్తుకుని నా పక్కనుంచే నడిచాడు. బంతిపూలు పడ్డ చోట, వాటిని తొక్కకుండా పక్కకు తప్పుకున్నాడు. రోడ్డు మీద వంతెన వైపు పోయే బస్సు ఆగింది. వెనక్కి చూడకుండా ఎక్కాడు.